ఆట, చదువు, ఆదివారం

ఈ పత్రికలో ఆవకాయ మీద వ్యాసం వచ్చింది. మంచులో కారు నడపటం మీద వచ్చింది. పిల్లలకు తెలుగు రావటం లేదన్న బాధ మీద ఏడాదికి రెండైనా వస్తాయి. ఆదివారం మీద మాత్రం ఎవరూ రాసినట్టు మాకు గుర్తులేదు. ఆ లోటు తీర్చేటంత పెద్దవాళ్ళం మేము కాదు. మా ఇంట్లో చాలాకాలం ఆదివారం మీద తగువు నడిచింది, ఆ తగువులో మేము ఓడిపోయాం. ఓడిపోయిన వైనం నలుగురికీ చెప్పుకుంటే కొంత బరువు తగ్గుతుందని రాస్తున్నాం.

ముందు మా సంగతి. మేమిద్దరం డాక్టర్లమే. గుంటూరు వైపు వాళ్ళం, లూథరన్ కుటుంబాలలో పుట్టినవాళ్ళం. 2015లో ఈ దేశం వచ్చి, రెండు మూడు ఊళ్ళు తిరిగి, చివరకు బర్మింగ్‌హామ్‌లో నిలదొక్కుకున్నాం. ఒక్కతే అమ్మాయి. పదమూడేళ్ళు నిండాయి. ఈ వ్యాసంలో దాన్ని అమ్మాయి అనే అంటాం. పేరు రాస్తే ఊరుకోనని ముందే చెప్పింది.

మా ఆదివారాలు ఇలా గడిచేవి. ప్రతి ఆదివారం పొద్దున పదిన్నరకు దగ్గర్లో వున్న ఇంగ్లీషువాళ్ళ గుడి. నెలలో రెండో ఆదివారం మాత్రం, అది కాక, మధ్యాహ్నం మూడింటికి తెలుగువాళ్ళ ఆరాధన. దానికి పాతిక నిమిషాలు కారులో పోవాలి. మాకు అమ్మాయితో తీరిగ్గా మాట్లాడే సమయం ఏదైనా వుందంటే అదే. మిగతా రోజుల్లో మా డ్యూటీలు, దాని హోంవర్కు. ఆ పాతిక నిమిషాలూ వెనక సీట్లోంచి ప్రశ్నలు వస్తూనే వుంటాయి. చర్చి గురించి, స్కూలు గురించి, ఆటల గురించి అది ఏమనుకుంటుందో మాకు తెలిసిందంతా ఆ కారులోనే.

"నాన్నా, పొద్దున గుడిలో దేవుడు పక్కింటాయనలా వుంటాడు. సాయంత్రం గుడిలో హెడ్మాస్టరులా వుంటాడు. ఇద్దరూ ఒకరేనా?" అని ఒకసారి అడిగింది.

అది అడగటంలో తప్పేమీ లేదు. పొద్దున వెళ్ళే చోట బల్లలు తీసేసి మెత్తటి కుర్చీలు వేశారు. గిటార్లు, డ్రమ్ములు, తెర మీద పాట. చేతిలో కాఫీ కప్పుతోనే జనం లోపలికి వస్తారు. ప్రసంగం ఇరవై నిమిషాలు, అందులో మూడు హాస్యాలు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు 2020 నుంచి ఫోనులో కూడా ఆరాధన కనిపిస్తుంది. మా నాన్నగారు చూస్తే, చెప్పులు విడిచే చోటు ఎక్కడని ముందు అడుగుతారు. మా ఊళ్ళో చెప్పులు బయట విడిచి, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్ళు.

సాయంత్రం తెలుగు ఆరాధనలో హార్మోనియం, తబలా. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడతాం. పుట్టి రెండు వందల ఏళ్ళు దాటిన పురుషోత్తమ చౌదరి గారి పాట బర్మింగ్‌హామ్‌లో ఒక అద్దె హాలులో లేస్తుంటే మాకు గొంతు పట్టుకుంటుంది. పిల్లల కోసం ఆ తెలుగునే ఇంగ్లీషు అక్షరాలలో తెర మీద వేస్తారు. వాళ్ళు పాడుతుంటే ళకారాలూ ణకారాలూ ఎటు పోయాయో తెలియదు. ప్రసంగం గంట. ఆ తర్వాత బిర్యానీ. బిర్యానీ దగ్గర మగవాళ్ళు ఇళ్ళ అప్పుల మీద వడ్డీ గురించి, ఆడవాళ్ళు గ్రామర్ స్కూళ్ళ గురించి మాట్లాడుకుంటారు. ఒక్కోసారి వాళ్ళు దీని గురించి, వీళ్ళు దాని గురించి. అంతకు మించి తేడా లేదు.

ఇంకోసారి కారులో అంది: "అమ్మా, మన తెలుగు గుడిలో సాక్ష్యం చెప్పేవాళ్ళందరూ గెలిచినవాళ్ళే. వీసా వచ్చింది, ఇల్లు కొన్నాం, అబ్బాయికి మెడిసిన్‌లో సీటు వచ్చింది, దేవుడికి వందనాలు. రానివాళ్ళు ఎందుకు లేచి నిలబడరు?"

మేము నవ్వేసి, అలా మాట్లాడకూడదన్నాం. ఆ రాత్రి మాకు నవ్వు రాలేదు. మాలో ఒకరికి స్పెషలిస్టు పరీక్ష రెండుసార్లు పోయింది. ఆ రెండుసార్లూ మేము ఆ హాలులో వెనక వరసలో కూర్చున్నాం. మూడోసారి పాసైన నెలలో ముందుకు వెళ్ళి సాక్ష్యం చెప్పాం.

ఇక తగువు మాట. 2022 జూలై 31న వెంబ్లీలో ఇంగ్లండు ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు జర్మనీని 2-1తో ఓడించి యూరోపియన్ కప్పు గెలిచింది. ఆ రోజు ఆదివారమే. మా అమ్మాయి ట్యూషను నుంచి వచ్చి, భోజనం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆ ఆట చూసింది. అందరూ గోల్ కొట్టినవాళ్ళను చూస్తుంటే అది గోల్ కీపరు మేరీ అర్ప్స్‌ను చూసింది. మర్నాటి నుంచి మా హాలులో సోఫా ముందు దూకటం మొదలుపెట్టింది. స్కూలు జట్టులో చేరింది. 2024 సెప్టెంబరులో దగ్గర్లోని ఒక క్లబ్బు వాళ్ళు దాన్ని చూసి, పదమూడేళ్ళ లోపు ఆడపిల్లల జట్టుకు కీపరుగా రమ్మన్నారు.

మ్యాచ్‌లు ఆదివారం పొద్దున పదిన్నరకు.

మేము వెంటనే వద్దన్నాం. ఆలోచించటానికి కూడా ఏమీ లేదనుకున్నాం. క్లబ్బు కోచి ఒక ప్లంబరు, మంచి మనిషి. "ఆదివారం కుదరదంటే మరి ఎప్పుడు కుదురుతుంది?" అని నిజంగానే అర్థంకాక అడిగాడు. ఈ దేశంలో కూడా ఆదివారం ఎప్పుడూ ఇలా లేదు. కౌంటీ క్రికెట్‌లో ఆదివారపు లీగు 1969లో మొదలైంది. ఎఫ్.ఎ. కప్పు మ్యాచ్‌లు ఆదివారం ఆడటం 1974 జనవరిలో తొలిసారి. ఇంగ్లండులో పెద్ద దుకాణాలు ఆదివారం ఆరు గంటల పాటు తెరుచుకోవచ్చన్నది 1994 చట్టం. ఆ కోచి తాతకు తెలిసిన ఆదివారం వేరు, అతనికి తెలిసిన ఆదివారం వేరు. అతని తాత ఆదివారం మా దగ్గర వుందని మేము గర్వపడ్డాం.

అమ్మాయి ఏడవలేదు, వాదించలేదు. అది వాదించకపోతే మాకు భయం. సోఫా ముందు దూకటం మానేసింది.

దాన్ని ఒప్పించాలని మేమొక ఉపాయం పన్నాం. ఒక శుక్రవారం రాత్రి ముగ్గురం కూర్చుని 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమా చూశాం. 1981లో వచ్చిన సినిమా. అందులో ఎరిక్ లిడెల్ కథ వుంది. స్కాట్లండు మిషనరీల కొడుకు, 1902లో చైనాలోని టియెన్‌ట్సిన్‌లో పుట్టాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సు చదువుతూనే స్కాట్లండు తరఫున రగ్బీ ఆడాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు హీట్సు ఆదివారం పడ్డాయని తెలిసి, పరుగెత్తనన్నాడు. సినిమాలో ఓడ ఎక్కేటప్పుడు తెలిసినట్టు చూపించారు గాని, నిజానికి నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ నాలుగు వందల మీటర్లకు సాధన చేసి, జూలై 11న 47.6 సెకండ్లలో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నాడు. ఆ వారం రోజులకే ఎడిన్‌బరోలో డిగ్రీ పట్టా అందుకున్నాడు. ఆట, చదువు, ఆదివారం, మూడూ ఒక్క మనిషిలో. ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాం.

సినిమా అయ్యాక అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన పరీక్షలు ఆదివారం పెడితే రాసేవాడా?" అని అడిగింది.

రాసేవాడు కాదని మేమిద్దరం ఒక్కసారే అన్నాం.

"మరి ఎలెవెన్ ప్లస్ ట్యూషనుకి నన్ను ఆదివారమే కదా పంపారు. పది నుంచి ఒంటిగంట దాకా. ఏడాదికి పైగా. అప్పుడు ఎవరూ సినిమా చూపించలేదే?"

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. దానికి జవాబు లేదు. ఇంతవరకూ లేదు.

చదువరులలో పిల్లలు చిన్నవాళ్ళయినవారికి చెప్పాలి: ఎలెవెన్ ప్లస్ అంటే గ్రామర్ స్కూలు సీటుకు పదేళ్ళ పిల్లలు రాసే పరీక్ష. మా అమ్మాయి 2022 సెప్టెంబరులో రాసింది. దానికి ముందు ఏడాది పైన ప్రతి ఆదివారం పొద్దున మేము దాన్ని ట్యూషను గుమ్మంలో దించి, మేమిద్దరం గుడికి వెళ్ళి, దాని సీటు కోసం ప్రార్థన చేసి, మళ్ళీ వచ్చి ఎక్కించుకునేవాళ్ళం. రెండో ఆదివారం తెలుగు ఆరాధనలో మా పక్కన కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్ళ పిల్లలూ అక్కడే వున్నారు. చదువు కోసం గుడి మానితే అది బాధ్యత, ఆట కోసం మానితే అది భక్తి లేకపోవటం. ఈ లెక్క మాకు ఎవరూ నేర్పలేదు. గాలిలో నేర్చుకున్నాం.

ఎక్కడి గాలి అని ఆలోచిస్తే మాకు ఇంటర్ రోజులు గుర్తుకొచ్చాయి. 2002 నుంచి 2004 దాకా మేము చదివినవి రెండు వేరు వేరు రెసిడెన్షియల్ కాలేజీలు. కానీ చెప్పుకుంటుంటే ఒకే కాలేజీ కథలా వుంటుంది. అయిదంతస్తుల మేడ, కిందే తరగతులు, పైనే పడకలు. ఆడుకోవటానికి జాగా అంటే బట్టలారేసుకునే డాబా. అక్కడికి కూడా సాయంత్రం తాళం. వారం పరీక్ష ఆదివారం పొద్దున. సోమవారానికి ర్యాంకులు గోడ మీద. దూరంగా గుడి గంట మోగితే తల ఎత్తేవాళ్ళం. సూపర్వైజరు చూస్తే మళ్ళీ పేపరు మీదికి వంగేవాళ్ళం. రెండేళ్ళు అలా వంగి ఎంసెట్ రాసి, ర్యాంకు తెచ్చుకుని, మెడికల్ కాలేజీలో చేరి, అక్కడ ఒకరికొకరం పరిచయమై, ఇక్కడికి వచ్చాం. ఆ ఆదివారాల వల్లనే ఈ ఉద్యోగాలు వచ్చాయని మాకొక నమ్మకం. అది లోపలెక్కడో కూర్చుని వుంటుంది. ఏ ప్రసంగం దాన్ని కదిలించలేదు.

ఆ రెండేళ్ళలో మాలో ఒకరికి పదకొండు కిలోలు పెరిగాయి. ఇప్పుడు మేము క్లినిక్కులో మనవాళ్ళకు చెప్పేదేమిటి? దక్షిణాసియా వాళ్ళకు షుగరు ముప్పు తొందరగా వస్తుంది, అందుకే బాడీ మాస్ ఇండెక్సు మిగతావాళ్ళకు 25 దగ్గర హెచ్చరిస్తే మనకు 23 దగ్గరే హెచ్చరిస్తారు, కాబట్టి నడవండి, కదలండి అని. అయిదు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు వెచ్చబడేలా కదలాలని 2019లో ఈ దేశపు ముఖ్య వైద్యాధికారులు రాసిన కాగితం మేమే రోగుల చేతిలో పెడతాం. ఇంటికొచ్చి, దూకుతున్న పిల్లను కూర్చోబెట్టాం.

అయినా ఓటమి అంత సులువుగా ఒప్పుకోలేదు. పెద్దమనిషి తీర్పు కావాలనిపించింది. గుంటూరు దగ్గర పల్లెలో వున్న నాన్నగారికి ఫోను చేశాం. మాలో ఒకరికి ఆయన కన్నతండ్రి, ఇంకొకరికి మామగారు. ఇద్దరం నాన్నగారనే పిలుస్తాం. రిటైరైన బడిపంతులు, నలభై ఏళ్ళుగా సంఘపెద్ద. ఆయన మా పక్షానే మాట్లాడతారని గట్టి ధీమాతో స్పీకరు పెట్టి, అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాం.

అంతా విని, "గోలు కీపరంటే బంతిని చేత్తో పట్టుకునేవాడేగా?" అన్నారు.

అవునన్నాం.

"అయితే మన ఇంటి ఆటే. నేను వాలీబాల్ ఆడేవాణ్ణి, మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ముప్పై ఏళ్ళ పైన ఆయన్ని చూస్తున్నాం, ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చదివిన మిషను హైస్కూల్లో ఒక డ్రిల్లు మాస్టారు వుండేవారట. మద్రాసు వై.ఎమ్.సి.ఏ. కాలేజీలో వ్యాయామ విద్య చదివి వచ్చినాయన. ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం ఎండ తగ్గాక, గుడి ఆవరణలోనే రెండు వేపచెట్లకు నెట్టు కట్టించేవారట. పాదిరిగారు అరుగు మీద కూర్చుని పాయింట్లు చెప్పేవారట. "పాయింటు దగ్గర అయ్యగారు మహా ఖచ్చితంరా. ప్రసంగంలో అయినా వదిలేవారేమోగాని గీత దాటితే వదిలేవారు కాదు" అని నాన్నగారు నవ్వారు.

తర్వాత ఆయన గొంతు మారింది.

"నిన్ను హాస్టల్లో వేసినప్పుడు రెండేళ్ళు గుడిలో నా పక్క చోటు ఖాళీగా వుండేది. పిల్లవాణ్ణి ఆదివారం ఒక గంట గుడికి పంపండయ్యా అని అడుగుదామని రెండుసార్లు మీ కాలేజీ దాకా వచ్చాను. ఆఫీసు గదిలో బెంచీ మీద కూచున్నాను. నోరు రాలా. ఏమన్నా అంటే నీ సీటుకు చేటొస్తుందేమోనని ఫీజు కట్టి రసీదు తీసుకుని బస్సెక్కాను. సంఘపెద్దనే. దేవుడికంటే ఎంసెట్ అంటే ఎక్కువ భయపడ్డాన్రా."

మా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయనే మళ్ళీ, "పిల్లను ఆడనివ్వండి. ఆడనిచ్చి గుడికి కూడా తీసుకుపోండి. ఆదివారం అంటే పొద్దున పదిన్నర ఒక్కటే కాదుగా. దేవుడు సాయంత్రం కూడా వుంటాడు" అన్నారు. "అమ్మాయ్, బంతి వచ్చేటప్పుడు కళ్ళు మూసుకోమాక" అని ఫోను పెట్టేశారు.

ఇక్కడ అమ్మాయి చేసిన పని ఒకటి చెప్పాలి. సినిమా తర్వాత అది లైబ్రరీకి వెళ్ళి లిడెల్ మీద పుస్తకం తెచ్చుకుంది. మేము సినిమా దగ్గర ఆగిపోయాం, అది చివరిదాకా చదివింది. లిడెల్ 1925లో చైనాకు తిరిగి వెళ్ళి టియెన్‌ట్సిన్‌లో కాలేజీలో సైన్సు చెప్పాడు, పిల్లల చేత ఆటలాడించాడు. యుద్ధంలో జపానువాళ్ళు 1943లో ఆయన్ని వైహ్సియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు చాలామంది. వాళ్ళకు ఆయన పాఠాలు చెప్పాడు, ఆటలు పెట్టాడు. ఆదివారం మాత్రం ఆటలు లేవన్నాడు. ఊరుకోలేక పిల్లలు తమంతట తాము ఆదివారం హాకీ ఆడబోయి, చెప్పేవాళ్ళు లేక కొట్టుకున్నారు. ఆ తర్వాత ఆదివారం ఆయనే వచ్చి మధ్యలో నిలబడి రిఫరీగా ఆట నడిపించాడు. తన పతకం కోసం ఆదివారం పరుగెత్తని మనిషి, ఎవరి పిల్లలో కొట్టుకోకుండా వుండటానికి ఆదివారం ఆటలో నిలబడ్డాడు. 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరంలోనే మెదడులో గడ్డ వల్ల చనిపోయాడు. వయసు నలభై మూడు.

అమ్మాయి ఈ సంగతి మాకు చదివి వినిపించి, "సినిమాలో ఇది పెట్టలేదు" అంది. అంతకు మించి వాదన ఏమీ చెయ్యలేదు. చెయ్యనక్కరలేదు.

మేము ఆస్పత్రిలో ఆదివారం డ్యూటీలు చేస్తాం. ఎవరైనా అడిగితే, సబ్బాతు దినాన యేసు కూడా రోగులను బాగుచేశాడుగా అంటాం. ఆ మాట నిజమే. కాని ఆ ఆదివారాలకు జీతం కూడా తీసుకుంటాం. మా మినహాయింపులన్నీ మాకు సులువుగా దొరికాయి, పిల్లకు మాత్రం నియమం మిగిలింది. ఇది గమనించటానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇంతకీ చేసిన ఏర్పాటు ఇది. 2025 జనవరి నుంచి అమ్మాయి క్లబ్బుకు ఆడుతోంది. మ్యాచ్ వున్న ఆదివారం ముగ్గురం సాయంత్రం ఆరింటి ఆరాధనకు వెళతాం. ఆ ఆరాధనకు డ్రమ్ములుండవు, వచ్చేది ముప్పై మంది, చాలావరకు ముసలివాళ్ళు. అమ్మాయికి అదే నచ్చింది, ప్రశాంతంగా వుందంటుంది. ఆదివారం ఏ ట్యూషనూ లేదు, ఏ సబ్జెక్టుకూ లేదు. అది మా వంతు ఉపవాసం. శనివారం రాత్రి పుస్తకాలు మూసేస్తే సోమవారం దాకా తెరవనక్కరలేదని మొదటిసారి చెప్పినప్పుడు, నిజమా అని రెండుసార్లు అడిగింది. విశ్రాంతి దినం అనే మాట మేము దానికి సండే స్కూల్లో నేర్పించాం. అర్థం మాత్రం అప్పుడే తెలిసిందనుకుంటాం.

రెండో ఆదివారం తెలుగు ఆరాధనకు మ్యాచ్ నుంచి సరాసరి వస్తుంది. ముఖం కడుక్కుంటుంది గాని మోకాళ్ళ మీద బురద పూర్తిగా పోదు. మొదటి నెల కొందరు చూసీ చూడనట్టు చూశారు. మేము గౌరవించే పెద్దాయన ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి జొనాథన్ ఎడ్వర్డ్స్ సంగతి చెప్పారు. ఆయన ఈ దేశపు త్రిపుల్ జంప్ వీరుడు, పాదిరిగారి కొడుకు. క్వాలిఫైయింగ్ ఆదివారం పడిందని 1991 ప్రపంచ పోటీలు మానుకున్నాడు. 1993లో మనసు మార్చుకున్నాడు. 1995లో గోథెన్‌బర్గ్‌లో 18.29 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు పెట్టాడు. 2007లో, తనకు ఇక విశ్వాసం లేదని బహిరంగంగా చెప్పాడు. "ఒక్క మెట్టు దిగితే ఎక్కడిదాకా పోతుందో చూశారా?" అన్నారు పెద్దాయన.

ఆయన మాట మేము కొట్టిపారెయ్యలేదు. ఆ భయం మాకూ వుంది. ఆదివారం ఆడినందుకే ఆయన విశ్వాసం పోయిందని మేము అనుకోవటం లేదు. మనిషి లోపల ఏం జరిగిందో మెట్ల లెక్కతో తేలేది కాదు. కాని రేపు మా అమ్మాయి పద్దెనిమిదేళ్ళకు యూనివర్సిటీకి వెళ్ళి, ఏ ఆదివారం ఏం చేస్తుందో మా చేతిలో వుండదు. ఆదివారం పొద్దున మా కారులో కూర్చోబెట్టినంత మాత్రాన అది మా చేతిలో వున్నట్టు కూడా కాదని మాత్రం తెలిసింది. మన కళ్ళ ముందే ఏడాది పొడుగునా ట్యూషనులో కూర్చుని, దేవుడికంటే సీటు పెద్దదని నేర్చుకున్న పిల్లల సంగతి ఎవరూ మెట్లని లెక్కపెట్టలేదు.

ఒక చిన్న విషయం పెద్దాయనకు బాగా నచ్చింది. మన ఊరి జట్టు ఆస్టన్ విల్లా 1874లో పుట్టింది హాండ్స్‌వర్త్ దగ్గర ఒక మెథడిస్టు గుడి కుర్రాళ్ళ వల్ల. వేసవిలో క్రికెట్ ఆడే కుర్రాళ్ళు, చలికాలంలో ఏం చెయ్యాలో తోచక ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. నాన్నగారి వాలీబాల్ కూడా 1895లో అమెరికాలో ఒక వై.ఎమ్.సి.ఏ.లో పుట్టిందే. ఆటా గుడీ ఒకప్పుడు ఒకే ఆవరణలో వుండేవి. మధ్యలో గోడ ఎవరు కట్టారో గాని, మనం ఆ గోడకు ఇంకో వరస ఇటుకలు పేర్చాం.

మార్చి నెల తెలుగు ఆరాధన రోజున మా అమ్మాయి జట్టు 5-0తో ఓడిపోయింది. అయిదూ దాని చేతుల పక్కనుంచే పోయాయి. కారులో పాతిక నిమిషాలూ ఒక్క ప్రశ్న అడగలేదు. సాక్ష్యాల వేళ ఒకాయన లేచి కొత్త ఇంటికి, ఒకావిడ అబ్బాయి ఇంటర్వ్యూకి వందనాలు చెప్పారు. ఆ తర్వాత మా పక్కన కుర్చీ కదిలింది. అమ్మాయి లేచి నిలబడింది. దాని తెలుగు మీకు తెలుసు.

"ఇవాళ మేము అయిదు గోల్స్ ఓడిపోయాం. నేనే కీపర్. కోచ్ తిట్టలేదు. ఫ్రెండ్స్ కూడా తిట్టలేదు. దానికి వందనాలు" అని కూర్చుంది.

హాలంతా నిశ్శబ్దం. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముందు వరసలో వున్న ఒక ముసలావిడ, కొడుకు దగ్గరకు వచ్చి ఆరు నెలలయింది, వెనక్కి తిరిగి మా అమ్మాయిని చూసి గట్టిగా "ఆమేన్" అంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు అన్నారు. ఏప్రిల్‌లో ఒకాయన లేచి, ఉద్యోగం పోయి మూడు నెలలయిందని, ఇంతకాలం ఎవరికీ చెప్పుకోలేదని, ప్రార్థన చెయ్యమని అడిగాడు. దీనికీ దానికీ సంబంధం వుందని మేము అనం. అయినా ఆ హాలులో అలాంటి మాట మేము వినటం అదే మొదలు.

ఈ పత్రిక చదివే మిత్రులలో చాలామందికి ఆదివారంతో పని లేదు. మీకు టివిడేల్ బాలాజీ గుడి వుంది, శనివారం పూజ వుంది, పిల్లల శ్లోకాల తరగతి వుంది. రోజు మారుతుంది గాని తగువు అదేనని మాతో కొందరు అన్నారు. పరీక్ష వస్తే శ్లోకాల తరగతి మానిపిస్తాం, ఆట వుందంటే మాత్రం సంస్కృతి గుర్తుకొస్తుంది అని ఒకావిడ నవ్వుతూ చెప్పింది. కాబట్టి ఇది మా ఒక్క గుడి గొడవ కాదు.

చివరగా మన సంఘం కార్యవర్గానికి ఒక మనవి. ప్రతి ఉగాదికీ గ్రామర్ స్కూలు సీటు వచ్చిన పిల్లలను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పుతున్నాం. మా అమ్మాయికీ కప్పారు, ఫోటో మా హాలులో వుంది. వచ్చే ఉగాదికి, ఏ ఆటైనా ఒక సీజను పూర్తిగా ఆడిన పిల్లలను కూడా, గెలిచారా ఓడారా అని అడగకుండా, ఒక్కసారి పిలవండి. శాలువా అక్కరలేదు. పేరు చదివితే చాలు. మా అమ్మాయి పేరు కూడా చదవచ్చు. దానికి మాత్రం అభ్యంతరం లేదట.